మాల తీశాక కూడా సిగరెట్ ముట్టకుండా ఉండాలంటే

రోజుకు పెట్టె కాల్చే మనిషి అయ్యప్ప మాల వేసుకున్నాడంటే 41 రోజులు సిగరెట్ జోలికి పోడు. మాత్రలుండవు, కౌన్సెలింగ్ ఉండదు. పక్కన ఎవరైనా వెలిగిస్తే తనే లేచి అవతలికి వెళ్తాడు. అదే మనిషి మాల తీసిన రోజు సాయంత్రం టీ కొట్టు దగ్గర కనిపిస్తాడు, వేళ్ళ మధ్య సిగరెట్‌తో. భవానీ దీక్షలోనూ, కొండగట్టు హనుమాన్ దీక్షలోనూ ఇదే కథ. రంజాన్ నెలంతా సహరీ నుంచి ఇఫ్తార్ దాకా పొగ ముట్టనివాళ్ళూ, లెంట్ నలభై రోజులూ మానేసి ఈస్టర్ నాడు మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళూ మన చుట్టూ ఉన్నారు.

ఇలాంటివాళ్ళలో మీరూ ఒకరైతే "నా వల్ల కాదు" అనే మాట ఇక చెల్లదు. మీ వల్ల అయింది. తేలాల్సింది ఒక్కటే: ఆ 41 రోజులూ ఏది పనిచేసింది, 42వ రోజున ఏది పోయింది? ఎప్పుడూ ఏ దీక్షా చేయనివాళ్ళకు, చుట్ట, బీడీ కాల్చేవాళ్ళకు, ఆడవాళ్ళకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

ముందు ఒంట్లో జరిగేది తెలుసుకోండి

పొగ లాగిన పది సెకన్లకల్లా నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. ఇంకొకటి కావాలనిపించేది అందుకే. పూర్తిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజులు చిరాకు, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి బాగా ఎక్కువగా ఉంటాయి. తర్వాత మెల్లగా దిగుతాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి ఒంటి గొడవ సద్దుమణుగుతుంది.

ఇప్పుడు 41 రోజుల లెక్క చూడండి. మాల తీసేనాటికి ఒళ్ళు సిగరెట్ అడగడం దాదాపు మానేసింది. అడుగుతున్నది టీ గ్లాసు, బస్టాండు పక్క పాన్ డబ్బా, "ఏంట్రా, స్వామి అయిపోయావా?" అని నవ్వే పాత స్నేహితుడు. ఒళ్ళు ఓడిపోవడం వల్ల కాదు, చోటు, వేళ, సావాసం మారకపోవడం వల్లే సిగరెట్ మళ్ళీ అంటుకుంటుంది. కాబట్టి మన కష్టంలో ఎక్కువ భాగం వీటి మీదే పెట్టాలి.

1. మీ సిగరెట్లను ఒక వారం గమనించండి

ఇంకా మానొద్దు. మామూలుగానే కాల్చండి. వెలిగించే ముందు మాత్రం ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి: టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఎందుకు కావాల్సి వచ్చింది. "7:10, బాత్రూమ్." "11, ఆఫీసు కింద, సురేష్‌తో." "రాత్రి, గొడవ తర్వాత." సగం సిగరెట్లు కోరిక వల్ల కాకుండా, ఎవరో లేచారు కాబట్టి మీరూ లేచినవని వారం తిరిగేసరికి బయటపడుతుంది.

ఇంకో విషయం తప్పకుండా చూసుకోండి. పొద్దున లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తున్నారు? అరగంట లోపే అయితే మీ ఒళ్ళు నికోటిన్‌కు గట్టిగా అలవాటు పడిందని అర్థం. మీకు మందుల సాయం బాగా ఉపయోగపడుతుంది. మధ్యాహ్నం దాకా గుర్తే రాకపోతే మీ సమస్య ఎక్కువగా సావాసంతోనే.

2. తేదీ పెట్టండి, రెండు వారాలు దాటకుండా

మాల వేసుకోవాలనుకునేవాళ్ళకు తేదీ ఎలాగూ ఉంటుంది. మిగతావాళ్ళు ఇంట్లో పెళ్ళి, ఆఫీసులో డెడ్‌లైన్, పిల్లల పరీక్షలు లేని వారం చూసుకోండి. మీరు నమ్మేవాళ్ళయితే ముహూర్తం పెట్టించుకోండి, తప్పేం లేదు, కానీ మంచి రోజు దొరకలేదని నెల వాయిదా వేయకండి. జనవరి ఒకటి మాత్రం నాకు అంతగా నచ్చదు. ముందు రోజు రాత్రి పార్టీ ఉంటుంది, తెల్లారి తలనొప్పితో మొదలవుతుంది.

"రోజుకొకటి తగ్గించుకుంటూ పోతాను" అనేవాళ్ళు చాలామంది మూడు నాలుగు దగ్గర ఆగిపోతారు. ఆ మిగిలిన సిగరెట్లు ఇంకా తియ్యగా అనిపిస్తాయి. దీక్షలో ఎవరూ తగ్గించరు, ఒక్కసారే ఆపేస్తారు. తేదీ పెట్టుకుని ఒక్కసారే ఆపడమే చాలామందికి మెరుగ్గా పనిచేస్తుంది. పైగా "రెండే కదా" అనే మాట గుండెకు పట్టదు. రోజుకు ఒక్క సిగరెట్ కాల్చినా గుండె జబ్బు ముప్పు, 20 కాల్చేవాళ్ళకు పెరిగేదాంట్లో సుమారు సగం ఉంటుంది.

3. ముందు రోజు చేయాల్సినవి

పెట్టెలో మిగిలినవి తడిపి పారేయండి. ఎవరికో ఇవ్వడం, "అవసరానికి" అలమారలో దాచడం వద్దు. లైటర్, యాష్‌ట్రే, బండి డిక్కీలో అగ్గిపెట్టె, కారు డోర్ అరలో ఉన్న సగం పీక కూడా పోవాలి. దుప్పట్లు, కర్టెన్లు, చలికోటు ఉతికించండి.

తర్వాత కిళ్ళీ కొట్టుకు వెళ్ళి ఖాతా బాకీ పూర్తిగా కట్టేయండి. బాకీ ఉన్నంతకాలం అటు వెళ్ళడానికి ఒక సాకు ఉంటుంది. కొట్టాయనకే చెప్పండి: "అన్నా, నేను మానేశాను, అడిగినా ఇవ్వకు." ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. చెప్పిన మాట ఇప్పుడు ఆయన దగ్గర ఉంది, మీరు అడగడానికి కొంచెమైనా మొహమాటపడతారు.

దీక్షకు ఉన్న పెద్ద బలం ఇదే. నల్లబట్టలు చూడగానే ఊరంతటికీ తెలుస్తుంది, అందరూ "స్వామీ" అంటారు, ఎవరూ సిగరెట్ ఇవ్వరు. మీకు నల్లబట్టలు లేకపోతే నోటితోనే చెప్పాలి. ఇంట్లో, ఆఫీసులో, ముఖ్యంగా రోజూ కలిసి కాల్చే ఆ ఇద్దరు ముగ్గురికి. "మానాలనుకుంటున్నాను" అనకండి, "మానేశాను" అనండి. మొదటిదానికి "సరేలే, రేపటి నుంచి" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

4. గమ్, ప్యాచ్, మాత్రలు

మొండిగా మానేవాళ్ళు మానొచ్చు. కానీ పొద్దున్నే కావాల్సినవాళ్ళు సాయం తీసుకోవడం చిన్నతనమేమీ కాదు. కేన్సర్, గుండె జబ్బులు తెచ్చేది ముఖ్యంగా పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రకాల రసాయనాలు. నికోటిన్ గమ్‌లో అవేవీ ఉండవు, నికోటిన్ ఒక్కటే, అదీ కొలతగా, నెమ్మదిగా అందుతుంది.

2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది. లేచిన అరగంటలోపే కాల్చేవాళ్ళకు 4 మిల్లీగ్రాములది అవసరం కావచ్చు, దానికి డాక్టర్ చీటీ కావాలి. చాలామంది "వాడాను, పనిచేయలేదు" అనడానికి కారణం నమిలే పద్ధతి. మామూలు చూయింగ్ గమ్‌లా కసకసా నమిలితే నికోటిన్ లాలాజలంతో కడుపులోకి పోతుంది, ఎక్కిళ్ళు, మంట, వికారం తప్ప ఏమీ మిగలదు. నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలండి. నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టేయండి. చురుకు తగ్గాక మళ్ళీ నమిలి ఇంకో పక్కన పెట్టండి. ఒక గమ్ ఇలా అరగంట రావాలి. నికోటిన్ ఎక్కేది చెంప లోపలి పొర నుంచి. గమ్ వేసుకోవడానికి 15 నిమిషాల ముందు నుంచీ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, జ్యూస్, కూల్‌డ్రింక్ వద్దు, అవి ఉంటే సరిగ్గా ఎక్కదు.

కోరిక పుట్టాక వెతుక్కోవడం కాకుండా మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకుని, తర్వాత దూరం పెంచుకుంటూ 12 వారాలకు ఆపేయాలి. ప్యాచ్ అయితే రోజూ పొద్దున ఒంటి మీద వేరే వేరే చోట అతికించుకుంటారు. ప్యాచ్ వేసుకుని, మధ్యలో కోరిక తన్నుకొచ్చినప్పుడు గమ్ కూడా వాడితే, రెంటిలో ఒక్కటే వాడినదానికన్నా బాగా పనిచేస్తుంది.

వరెనిక్లిన్, బ్యుప్రోపియాన్ అనే మాత్రలూ ఉన్నాయి, డాక్టర్ చీటీ మీదే. వీటిని మానే తేదీకి వారం రెండు వారాల ముందే మొదలుపెడతారు కాబట్టి ముందుగా వెళ్ళండి. ఫిట్స్ వచ్చేవాళ్ళకు బ్యుప్రోపియాన్ పనికిరాదు. గర్భిణులు, ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, మానసిక వ్యాధులకు మందులు వాడేవాళ్ళు గమ్‌తో సహా ఏదైనా డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. షుగర్ ఉన్నవాళ్ళు మానిన కొత్తలో తరచుగా పరీక్ష చేసుకోవాలి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

డబ్బు ఖర్చు లేని సాయం ఒకటుంది. 1800-11-2356. పొగాకు మానేవాళ్ళకు సలహా ఇవ్వడానికి ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన క్విట్‌లైన్, ఫోన్ ఉచితం. దక్షిణాది భాషల్లో మాట్లాడే కౌన్సెలర్లు బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి పనిచేస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. 2018 సెప్టెంబరు నుంచి ఈ నంబర్ ప్రతి సిగరెట్ పెట్టె మీదా అచ్చవుతోంది. మనం లూజుగా ఒక్కోటి కొనుక్కుంటాం కాబట్టి మన కంటపడదు.

5. మొదటి వారం గట్టెక్కడం

కోరిక అలలా వస్తుంది. ఎంత గట్టిగా వచ్చినా చాలాసార్లు అయిదు నిమిషాల్లో పడిపోతుంది, మీరు కాల్చినా, కాల్చకపోయినా. కాబట్టి జీవితాంతం మానాలని బెంగపడకుండా ఆ అయిదు నిమిషాలకు పని పెట్టండి. గ్లాసుడు నీళ్ళు మెల్లగా తాగండి, మేడ మెట్లు ఎక్కి దిగండి, ఎవరికైనా ఫోన్ చేయండి, ముక్కుతో నిండా పీల్చి నోటితో నెమ్మదిగా వదలండి. నోటికి లవంగం, యాలక్కాయ, సోంపు, వేయించిన శనగలు పెట్టుకోండి. వక్కపొడి మాత్రం వద్దు, వక్క వల్ల కూడా నోటి కేన్సర్ వస్తుంది.

టీ, కాఫీలు సగానికి తగ్గించండి. ఇది చాలామంది డాక్టర్లు కూడా చెప్పడం మర్చిపోతారు. పొగ తాగేవాళ్ళ కాలేయం కెఫీన్‌ను త్వరగా అరగదీస్తుంది, మానగానే ఆ వేగం తగ్గుతుంది. అంటే అప్పటిదాకా తాగిన అయిదు కాఫీలే తాగుతున్నా ఒంట్లో కెఫీన్ బాగా పెరిగిపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేమి మొదలైతే "సిగరెట్ లేకే ఇలా" అనుకుంటారు. కారణం కాఫీ.

పొద్దున సిగరెట్ పడకపోతే మోషన్ రాదనేది ఉట్టి అపోహ కాదు. నికోటిన్ పేగులను కదిలిస్తుంది, మానిన కొత్తలో మలబద్ధకం చాలామందికి వస్తుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్ళు, రాత్రి జామకాయో బొప్పాయో, కాస్త నడక. రెండు మూడు వారాల్లో పేగులు దారికొస్తాయి. నోట్లో పుళ్ళు రావడం, దగ్గు ఇంకాస్త పెరిగి కఫం రావడం కూడా మామూలే. దగ్గులో రక్తం పడినా, గొంతు బొంగురు మూడు వారాలు దాటినా, నోటి పుండు మానకపోయినా మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను తిరగేసి అడ్డపొగ తాగే పెద్దవాళ్ళుంటే, నిప్పు నోట్లోపల ఉంటుంది కాబట్టి, వాళ్ళ అంగిలిని ఒకసారి డెంటిస్ట్‌కు చూపించండి.

ఇంట్లోవాళ్ళకు రెండు మాటలు. మొదటి పది రోజులు మానిన మనిషి విసుక్కుంటాడు, ఆ కోపం మీ మీద కాదు. చొక్కా వాసన చూడటం, జేబులు వెతకడం వద్దు. నిఘా పెట్టారని తెలిస్తే దాక్కుని కాల్చడం ఒక్కటే నేర్చుకుంటాడు. సాయంత్రం కాసేపు కలిసి నడవడానికి బయల్దేరితే అంతకన్నా పెద్ద సాయం ఇంకోటి లేదు.

6. మూడో వారం నుంచి అసలు పని

ఒళ్ళు కుదుటపడింది కాబట్టి ధైర్యం వస్తుంది. ప్రమాదం కూడా ఇక్కడే. వారం రోజులు రాసుకున్న ఆ జాబితా తీయండి. ఒక్కో వేళకూ, చోటుకూ ముందే ఒక ఏర్పాటు ఉండాలి.

భోజనం అవగానే కంచం ముందు నుంచి లేచి పళ్ళు తోముకోండి, లేదా సోంపు నోట్లో వేసుకుని వంద అడుగులు వేయండి. ఆఫీసులో స్మోకింగ్ చోటికి వెళ్ళే స్నేహితులతో టీ మానక్కర్లేదు, క్యాంటీన్ లోపలే తాగుదామనండి. నైట్ షిఫ్ట్‌లో నిద్ర ఆపడానికి కాల్చేవాళ్ళు మొహం కడుక్కుని పది నిమిషాలు నడవాలి. రోడ్డు పక్క టీ కొట్టే మీ బలహీనత అయితే ఒక రెండు నెలలు వేరే దారిన వెళ్ళండి.

మందు సంగతి వేరుగా చెప్పాలి. నెలల తరబడి మానినవాళ్ళు కూడా ఎక్కువగా జారిపడేది పర్మిట్ రూమ్‌లోనే. రెండో పెగ్గు తర్వాత మీరు ఇచ్చుకున్న మాట మీకే గుర్తుండదు. దీక్షలో సిగరెట్ మానడం అంత తేలికవడానికి సగం కారణం, మందు కూడా ఆపేయడం. కనీసం మూడు నెలలు సిట్టింగులకు దూరంగా ఉండండి. ఇది కుదరదంటే, నా అంచనాలో, మిగతా సలహాలన్నీ పాటించినా ఫలితం అనుమానమే.

స్నేహితుడు "ఒక్క దమ్మే కదరా, ఏం కాదు" అంటాడు. ఉపన్యాసం ఇవ్వొద్దు, కేన్సర్ గురించి చెప్పొద్దు, వాడు ఇంకో మూడు వాదనలు తీస్తాడు. "వద్దు మామా, మానేశా" అని మాట మార్చేయండి. రెండు మూడుసార్లు అడిగి వాడే ఊరుకుంటాడు.

టెన్షన్ సంగతి. సిగరెట్ టెన్షన్ తీరుస్తుందని అందరూ నమ్ముతారు. నిజానికి దానివల్ల తగ్గేది ఎక్కువగా రెండు గంటలుగా సిగరెట్ లేకపోవడం వల్ల పుట్టిన చిరాకే. మానిన కొన్ని వారాలకు మనసు మునుపటికన్నా నెమ్మదిగా ఉందని మీకే తెలుస్తుంది. కానీ చావు కబురు, ఆసుపత్రి వరండా, అప్పులవాడి ఫోన్ లాంటి గట్టి దెబ్బలు తగిలినప్పుడు చేయి జేబులోకి పోతుంది. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి.

బరువు పెరుగుతుంది, మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు. సిగరెట్ బదులు మిక్చరూ స్వీట్లూ పెట్టుకుంటే ఇంకా ఎక్కువ. నడకతో దించుకోవచ్చు, దానికోసం మళ్ళీ వెలిగించడం మాత్రం చెడ్డ బేరం.

7. 42వ రోజు

దీక్షలో ఉన్న లోపం ఒకటే, దానికి ముగింపు తేదీ ఉంది. రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపినవాడు ఆ తేదీ రాగానే బాకీ వసూలు చేసుకుంటాడు. అందుకే మాల తీయడానికి వారం ముందే ఒక పని చేయండి. దీక్షలో చేసినవాటిలో సిగరెట్‌కు అడ్డుపడ్డవి ఏవో చూసి, రెండు మూడు అట్టిపెట్టుకోండి. తెల్లవారుజామున లేవడం, లేవగానే స్నానం, సాయంత్రం భజన లేదా గుడి, ఏదైనా సరే. లేవగానే స్నానానికి వెళ్ళేవాడికి లేవగానే సిగరెట్ కుదరదు. మాల తీసిన రోజు సాయంత్రం ఖాళీగా ఉండకండి, ఇంట్లోవాళ్ళతో సినిమాకో బంధువుల ఇంటికో వెళ్ళండి. ఆ వారం మందు పార్టీకి ఒప్పుకోకండి. మీతో పాటు మాల వేసిన స్వాముల్లో మానాలనుకునేవాడు ఇంకొకడు తప్పకుండా ఉంటాడు. ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి: వెలిగించాలనిపిస్తే ముందు ఫోన్, తర్వాతే అగ్గిపుల్ల.

మిగిలే డబ్బు కంటికి కనిపించాలి. సిగరెట్ 20 రూపాయలు, రోజుకు పది అనుకుంటే నెలకు 6,000, ఏడాదికి 73,000. మీ రేటు మీరు వేసుకుని, మొదటి నెల నుంచే ఆ మొత్తం ఆర్‌డీలో పడేలా పెట్టండి. ఒంటి లెక్క కూడా చూసుకోండి: ఒకటి రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలుకొస్తుంది, కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి, ఏడాదికి గుండె జబ్బు అదనపు ముప్పు సుమారు సగమవుతుంది, పదేళ్ళకు ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు కాలుస్తూ ఉన్నవాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి దిగుతుంది.

ఇవి మానడం కిందికి రావు

సిగరెట్ నుంచి ఖైనీకి, గుట్కాకు మారడం అంటే ఊపిరితిత్తుల బదులు నోటిని అప్పగించడం. "లైట్" సిగరెట్ కాల్చేవాళ్ళు తెలియకుండానే ఇంకా గట్టిగా లాగుతారు. బీడీ తునికాకులో చుట్టింది కాబట్టి ప్రకృతిసిద్ధం అనేవాళ్ళున్నారు. అది ఆరిపోకుండా ఉండాలంటే ఎక్కువసార్లు లాగాలి, పొగ అంతకంత లోపలికి పోతుంది. హుక్కాలో నీళ్ళు విషాన్ని వడకట్టవు. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019 నుంచి నిషిద్ధం, దొంగచాటుగా దొరికేవాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

8. జారిపడితే

చాలామంది ఒక్క ప్రయత్నంలో మానలేరు. పెళ్ళిలో ఒకటి కాల్చారనుకోండి. అప్పుడు మనసు చెప్పే మాట ఒకటుంది: "ఎలాగూ పోయింది, ఈ ఒక్క రోజూ కాల్చుకుని రేపటి నుంచి మానేద్దాం." ఒక సిగరెట్‌ను పెట్టెగా మార్చేది ఈ మాటే. చేతిలో ఉన్నది సగంలోనే నలిపేసి అక్కడి నుంచి లేవండి. పెట్టె కొని ఉంటే నీళ్ళలో ముంచండి. గమ్ ఆపేసి ఉంటే మళ్ళీ మొదలుపెట్టండి. ఎవరికి మాట ఇచ్చారో వాళ్ళకు అదే రోజు చెప్పేయండి, దాస్తే రెండోది తేలికవుతుంది. రోజుల లెక్క మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఎక్కడ, ఎవరితో, ఎందుకు అని ఫోన్‌లో ఆ పాత జాబితా కిందే ఇంకో లైను రాసి, ఆ చోటికి ఈసారి ఏం ఏర్పాటు చేసుకోవాలో పక్కనే రాసుకోండి. వారంలో రెండుసార్లు జారితే గమ్ లేదా మాత్రల మోతాదు సరిపోవడం లేదేమో, డాక్టర్‌ను కలవండి లేదా క్విట్‌లైన్‌కు మళ్ళీ ఫోన్ చేయండి. ఎన్నిసార్లు చేసినా విసుక్కోరు, వాళ్ళ పనే అది.